మంచం పక్కన వేసే బేబీ క్రిబ్ కొనే ముందు

రంగులూ బొమ్మలూ తర్వాత చూడొచ్చు. షాపుకి కొలత టేపు తీసుకెళ్లండి.

- కమ్మీల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు.
- పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. పరుపు అంచు పక్కన రెండు వేళ్లు దూరితే వద్దు.
- అసలు టెన్షన్ మంచానికీ క్రిబ్‌కీ మధ్య సందుతోనే. మన మంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో ఎత్తు, కాబట్టి మీ పరుపు ఎత్తు ముందే కొలుచుకోండి. ఇంటికి తెచ్చి, మంచానికి కట్టే బెల్టు బిగించాక క్రిబ్‌ని గట్టిగా లాగి చూడండి. వేలు దూరేంత సందు మిగిలినా ఒప్పుకోవద్దు. దుప్పటి కుక్కి సరిపెట్టడం ఇంకా ప్రమాదం.
- లోపల దిండ్లు, బొమ్మలు వద్దు. అమ్మమ్మ కుట్టిన ఆవాల దిండు కూడా వద్దు, ఆవిడ అలిగినా సరే.
- ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టండి.
- బిడ్డ చేతులూ మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టగానే వాడకం ఆపేయాలి.