వణుకు, బిగువు, ఆగని కదలికలు: మందులు, ఇతర జబ్బులు కారణమైనప్పుడు

నడక మందగించి, చేతులు వణుకుతూ, ముఖంలో కదలిక తగ్గితే

దీన్ని పార్కిన్సన్స్ జబ్బుగా తేల్చే ముందు, గత ఆరు నెలల్లో రోగి వాడిన ప్రతి మందు పేరూ రాసి డాక్టరుకు చూపించాలి. వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్, కడుపుబ్బరానికి ఇచ్చే లెవోసల్పిరైడ్, కళ్లు తిరగడానికి వాడే సిన్నరిజైన్, మైగ్రేన్‌కు వాడే ఫ్లూనరిజైన్, మానసిక వ్యాధులకు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ వంటివి మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనికి అడ్డుపడి అచ్చం ఇవే లక్షణాలు తెప్పిస్తాయి. గ్యాస్ మాత్రను చాలామంది మందుగా లెక్కపెట్టరు గనుక, దాని గురించి విడిగా అడిగితే తప్ప అసలు సంగతి బయటపడదు. మందు వల్ల వచ్చినప్పుడు లక్షణాలు తరచుగా రెండు వైపులా కనిపిస్తాయి. అయితే ఒకవైపే ఉన్నంత మాత్రాన మందు కారణం కాదనడానికి వీల్లేదు.

డాక్టరు ఆ మందును ఆపితే లేదా మార్చితే చాలామందికి తగ్గుతుంది, కానీ అందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మానసిక వ్యాధి మందును మాత్రం ఇంట్లోవారు సొంతంగా ఆపకూడదు, ఎందుకంటే అసలు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. మందు ఆపి నెలలు గడిచినా తగ్గకపోతే, అప్పటిదాకా బయటపడని పార్కిన్సన్స్ ఉందేమో పరీక్షించాలి.

మెడ ఒక పక్కకు తిరిగిపోయి, కనుగుడ్లు పైకి నిలిచిపోతే

ఇవే రకం మందులు మొదలుపెట్టిన కొన్ని గంటల్లో గానీ, కొద్ది రోజుల్లో గానీ, ముఖ్యంగా చిన్న వయసువారిలో ఇలా జరుగుతుంది. స్పృహ ఉంటుంది. దీన్ని ఫిట్స్ అనో, ధనుర్వాతం అనో పొరబడడం, ఇంకా బాధాకరంగా, రోగి నటిస్తున్నాడని అనుమానించడం జరుగుతుంటాయి. గొంతు కండరాలు బిగిస్తే ఊపిరి ఆడదు కాబట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి; ప్రొమెథజైన్ వంటి ఇంజెక్షన్‌తో సాధారణంగా నిమిషాల్లోనే తగ్గుతుంది.

నాలుక, పెదవులు, దవడ ఆగకుండా కదులుతుంటే

నెలల తరబడి, ఏళ్ల తరబడి ఆ మందులు వాడినవారిలో వచ్చే టార్డివ్ డిస్కినీసియా ఇది. వణుకు తగ్గించడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ ఇక్కడ పరిస్థితిని మరింత దిగజార్చవచ్చు; టెట్రాబెనజైన్, వాల్బెనజైన్ వంటివి ఉపయోగపడతాయి.

మందుల జాబితాలో కారణం దొరకకపోతే

సన్నటి వణుకుతో పాటు గుండెదడ, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. చేతులు చాపి మణికట్లు పైకెత్తినప్పుడు అరచేతులు ఉండుండి జారిపడుతుంటే, కాలేయం లేదా మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. మధుమేహం ఉన్న పెద్దవారిలో ఒకవైపు చెయ్యీ కాలూ ఉన్నట్టుండి విసురుగా కదలడం మొదలైతే రక్తంలో చక్కెర బాగా పెరిగి ఉండవచ్చు. చక్కెరను అదుపులోకి తెస్తే చాలామందిలో ఆ కదలికలు తగ్గుతాయి. పిల్లల్లో ఇలాంటి కదలికలకు రుమాటిక్ జ్వరం కారణం కావచ్చు గనుక గుండెను కూడా పరీక్షించాలి. నలభై ఏళ్లలోపు వారిలో కారణం తేలకపోతే, ఒంట్లో రాగి పేరుకుపోవడం వల్ల వచ్చే, చికిత్సకు లొంగే విల్సన్ వ్యాధి ఉందేమో తప్పక పరీక్షించాలి.

తీవ్ర జ్వరం, ఒళ్లంతా బిగువు, మతి తప్పడం కలిసి వస్తే

మానసిక వ్యాధుల మందుల వల్ల అరుదుగా వచ్చే ప్రాణాపాయ స్థితి ఇది. ఇక్కడ మాత్రం తర్వాతి మోతాదు ఇవ్వకుండా, మందుల చీటీతో సహా రోగిని తక్షణం అత్యవసర విభాగానికి తరలించాలి.