సర్వర్ మళ్లీ లేపే ముందు

ముందుగా ఒక్క మాట: మీ సర్వర్‌లోకి ఎవడో చొరబడ్డాడని తెలిస్తే రీస్టార్ట్ కొట్టకండి.

మేం కొట్టాం. మాది నల్లగొండ. చేనుగట్ల మీద పడి ఉన్న శాసనాలు, వీరగల్లులు, భీవండి, సోలాపూర్ వలసపోయిన నేతగాళ్ల ఇండ్లల్లో దొరికిన పాత ఫొటోలు ఒకచోట పెట్టి, తెలిసినవాళ్లు వాటి కింద వివరాలు రాసేలా నడుపుకునే సర్వర్ ఒకటి ఉంది మాకు. ఆఫీసు లేదు, జీతాలు లేవు, కిరాయి తలా కొంత వేసుకుంటాం. మూడేండ్ల కింద ఓ ఆదివారం పొద్దున సోలాపూర్ నుంచి ఒక సభ్యుడు ఫోన్ చేసి, "అన్నా, పానగల్లు శాసనం ఫొటో నొక్కితే రమ్మీ ఆట తెరుచుకుంటుందే?" అన్నాడు. మాలో ఒకతను కంగారులో సర్వర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశాడు. రమ్మీ పోయింది. దాంతోపాటు మెమరీలో నడుస్తున్న దొంగ ప్రోగ్రామ్ జాడ, అది ఎవరితో మాట్లాడుతోందో చెప్పే వివరాలు కూడా పోయాయి. వారం కిందటి బ్యాకప్ ఎక్కించి, గడియారం సెంటర్‌లో ఛాయ్ తాగి ఇంటికి పోయాం. పదకొండో రోజున మళ్లీ రమ్మీ.

చొరబడ్డవాడు మొదటిసారి వచ్చింది మేం మేలుకున్న రోజుకు మూడు వారాల ముందు. అంటే మేం ఎక్కించిన బ్యాకప్‌లో కూడా వాడున్నాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్న సామెత మాకోసమే పుట్టిందనిపించింది.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో మాలాంటి ఇంకో బృందానికి ఇదే కష్టం వచ్చింది. "శనివారం రాత్రి కూసొని లేపేద్దామనుకుంటున్నం, ఏమేం చూసుకోవాలె అన్నా?" అని అడిగారు. ఫోన్లో చెప్పిందే కొంచెం సాపు చేసి ఇక్కడ పెడుతున్నాను.

సర్వర్‌ను ఆపకండి, ఊరి నుంచి వెలివేయండి. కిరాయి సర్వర్ అయితే కంపెనీ ప్యానెల్‌లో ఫైర్‌వాల్ ఉంటుంది. మీ ఒక్క ఐపీ అడ్రస్‌కు తప్ప రావడం, పోవడం రెండూ మూసేయండి. లోపలికొచ్చే దారి మాత్రమే మూస్తే, ఉన్న దొంగ ప్రోగ్రామ్ బయటికి కబుర్లు పంపుతూనే ఉంటుంది. తర్వాత డిస్క్ మొత్తానికి స్నాప్‌షాట్, అంటే ఉన్నదున్నట్టు కాపీ తీయండి, వీలైతే మెమరీతో సహా. దాన్ని అదే ఖాతాలో వదిలేయొద్దు. ఆ ఖాతా పాస్‌వర్డ్ కూడా వాడి చేతిలో ఉంటే తుడిచెయ్యడం ఒక్క క్లిక్ పని. దించుకుని వేరే హార్డ్ డిస్క్‌లో పెట్టి, దాని చెక్‌సమ్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైల్ కొంచెం మారినా ఇదీ మారుతుంది) నోటుబుక్కులో రాసుకోండి.

నోటుబుక్కు అని ఊరికే అనలేదు. ఒక మనిషికి అదే పని అప్పజెప్పండి: ఎన్ని గంటలకు, ఎవరు, ఏ కమాండ్ కొట్టారు, ఏం కనిపించింది. టైపింగ్ చేసే మనిషి ఈ పని చేయలేడు. సమయం రాసేటప్పుడు ఇంకో చిక్కు. చాలా సర్వర్లు ప్రపంచమంతా లెక్కకు వాడే యూటీసీ సమయంలో నడుస్తాయి, మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. సర్వర్ తానే రాసుకునే చిట్టా అయిన లాగ్‌లో రాత్రి 9:10 అని ఉంటే మనకది తెల్లవారుజాము 2:40. మేం దీన్ని మరిచి, ఆ రాత్రి 9 గంటలకు లాగిన్ అయి ఫొటోలు పెట్టిన సొంత పిల్లగాడినే ఒక పూట అనుమానించాం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంటూ పెద్దమనుషుల్లా మాట్లాడాం కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అతను ఆ తర్వాత మాతో పనిచేయడం తగ్గించేశాడు.

మాట్లాడుకునే దారి కూడా మార్చండి. ఆ సర్వర్ మీదున్న మెయిల్‌లోనే ప్లాన్లు వేసుకుంటే దొంగకు ఎదురుగా కూర్చుని తాళం ఎక్కడ పెడుతున్నామో చెప్పుకున్నట్టే. ఫోన్ కాల్స్, లేదంటే అందరం ఒకింట్లో.

ఇక అసలు పని, కన్నం ఎక్కడుందో పట్టుకోవడం. ఇక్కడే అందరికీ ఓపిక చచ్చిపోతుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసిన వాళ్లకు తెలుసు, గర్భగుడిలో పగలంతా నీడ నిలిచే ఉంటుంది, చూసేవాళ్లంతా ఎదురుగా ఉన్న స్తంభాన్ని వెతుకుతారు. ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు, కొన్ని కలిసి వేసేది. రమ్మీ మాకు కనబడ్డ నీడ. దాని వెనక మూడున్నాయి: ఫొటోలు ఎక్కించే చోట పీహెచ్‌పీ ఫైల్ (సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్) కూడా ఎక్కనిచ్చే పాత ప్లగిన్, ఆ ఫోల్డర్‌లో ఫైళ్లు నడవకుండా ఆపని సెట్టింగ్, పాస్‌వర్డ్ లేకుండానే దూరం నుంచి లోపలికి రావడానికి వాడు పెట్టుకుపోయిన ఒక ఎస్‌ఎస్‌హెచ్ కీ. మొదటిసారి ఒక్క రమ్మీ కోడ్ తీసేసి సంబరపడ్డాం.

వెతికేది ఆ సర్వర్ మీద కాదు. స్నాప్‌షాట్ కాపీని వేరే మంచి కంప్యూటర్‌కు తగిలించి, చదవడానికి మాత్రమే వీలయ్యేలా తెరిచి చూడండి. రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) దాకా చేరినవాడు ఆ మెషీన్‌లో ఫైళ్లు చూపే ఎల్‌ఎస్, నడుస్తున్న ప్రోగ్రామ్‌లు చూపే పీఎస్ లాంటి మామూలు కమాండ్లను కూడా మార్చేయగలడు. అవి చెప్పేది సాక్ష్యం కాదు. ఫైల్ తేదీలను కూడా గుడ్డిగా నమ్మకండి. మనకు మామూలుగా కనిపించే మార్పు తేదీని టచ్ కమాండ్‌తో ఎన్నేండ్ల వెనక్కైనా జరపొచ్చు. స్టాట్ కమాండ్ కొడితే సీటైమ్ అని ఇంకోటి వస్తుంది, అది ఫైల్‌గానీ దాని వివరాలుగానీ చివరిసారి మారిన సమయం, దాన్ని మార్చడం అంత సులువు కాదు. మా ఫొటోల ఫోల్డర్‌లో "2014" నాటి ఫైల్ ఒకటి సీటైమ్‌లో మూడు వారాల పసికూనగా దొరికింది. ఒక జాగ్రత్త: ఫైళ్లను కాపీ కొడితే కొత్త కాపీకి సీటైమ్ కొత్తదైపోతుంది. అందుకే డిస్క్ ఇమేజ్ మీదే చూడాలి. లోపలికి రానిచ్చే కీల జాబితా అయిన ఆథరైజ్డ్ కీస్, టైముకు ప్రోగ్రామ్‌లు నడిపే క్రాన్, సిస్టమ్‌డీ టైమర్లు, యూఐడీ సున్నా (అంటే రూట్ అధికారం) ఉన్న రెండో ఖాతా, డేటాబేస్‌లో కొత్తగా పుట్టిన అడ్మిన్ పేర్లు, ఇవన్నీ వాడు మళ్లీ రావడానికి దాచుకునే చోట్లు.

కన్నం దొరికాక పాత ఇల్లు కడిగి వాడుకుందామనే ఆశ వదులుకోండి. కొత్త సర్వర్, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్, మొత్తం అప్‌డేట్లు. కోడ్ పాత మెషీన్ నుంచి తేవద్దు, తయారుచేసినవాళ్ల దగ్గర నుంచే మళ్లీ దించుకుని చెక్‌సమ్ సరిచూడండి. పాతదాంట్లోంచి డేటాబేస్, ఫొటోలు మాత్రమే రావాలి, అవీ జల్లెడ పట్టి. ఫొటోలన్నింటినీ మళ్లీ జేపెగ్‌గా మార్చి ఎక్కించాం మేం. బొమ్మ పేరుతో ఉన్న బొమ్మకానివన్నీ ఎర్రర్ కొట్టి వాటంతటవే బయటపడ్డాయి. శాసనాల అసలు ఫొటోలను మాత్రం వేరుగా దాచుకోండి. మార్చిన ప్రతిసారీ అక్షరాల అంచులు కొంచెం అరుగుతాయి.

తాళంచెవుల సంగతి. అన్ని పాస్‌వర్డ్లు, కీలు, డేటాబేస్ పాస్‌వర్డ్, మెయిల్ పంపే టోకెన్, డొమైన్ కొన్న ఖాతా, సెషన్లకు వాడే రహస్య సంఖ్య, అన్నీ మార్చాలి. మార్చేది ఏ ల్యాప్‌టాప్ మీద అన్నదే అసలు ప్రశ్న. క్రాక్ చేసిన ఫొటో సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ మీద కొత్త పాస్‌వర్డ్ కొడితే అది దొంగకే కొట్టి ఇచ్చినట్టు. జిరాక్స్ షాపు, నెట్ సెంటర్ కంప్యూటర్ల నుంచి అడ్మిన్‌గా లాగిన్ అవ్వడం మా దగ్గర ఇప్పుడు నిషేధం. ఇది చిన్నవాళ్లకే జరిగేది అనుకోకండి. 2003 నవంబరులో డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సర్వర్లలోకి చొరబడ్డవాడు కూడా ముందు ఒక డెవలపర్ పాస్‌వర్డ్ కాజేసి మామూలు ఖాతాతోనే వచ్చాడు, లోపలికొచ్చాక ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్‌లోని ఒక లోపం పట్టుకుని రూట్ అయ్యాడు. అదీ మనలాంటి వలంటీర్లు నడిపే ప్రాజెక్టే. అమెరికా పోయి నాలుగేండ్లయిన అన్న కీ ఇంకా సర్వర్‌లో ఉంటే తీసేయండి. తీసే ముందు ఒక ఫోన్ చేయండి, లేకుంటే "నన్ను పరాయోన్ని చేసిండ్రు" అంటాడు.

సభ్యులకు చెప్పడం వాయిదా వేయకండి. "పాస్‌వర్డ్లు భద్రంగానే ఉన్నాయి" అని తెలియకుండా రాయొద్దు. పాస్‌వర్డ్లను గజిబిజి చేసి దాచడానికి పాత సాఫ్ట్‌వేర్లు వాడే ఎమ్‌డీ5 పద్ధతి అయితే మామూలు గేమింగ్ కార్డు కూడా సెకనుకు వందల కోట్ల ఊహలు వేసి చూడగలదు. 1999లో వచ్చిన బీక్రిప్ట్ అనే ఇంకో పద్ధతి కావాలనే నెమ్మదిగా నడిచేలా చేసింది, అదైతే కాస్త ఊపిరి ఉంటుంది. ఏదైనా సరే, ఇదే పాస్‌వర్డ్ మెయిల్‌కో బ్యాంకుకో వాడి ఉంటే మార్చుకోమని చెప్పండి. పెద్దవాళ్లకు మెసేజ్ రాయడం కన్నా వాయిస్ పెట్టడం నయం. మా సభ్యుల్లో అరవై దాటినవాళ్లు చాలామంది, వాళ్ల ఫోన్ నంబర్లు పోయాయి. "మీ పాత ఫొటోకు బహుమతి వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయాలని, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ముందే చెప్పి ఉంచాం.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో, ఇలాంటివి గమనించిన 6 గంటల్లో తెలపాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని ఉంది. మనలాంటి చిన్న బృందం అందులోకి వస్తుందా రాదా అని వాదించుకునే టైమ్‌లో మెయిల్ రాసేయొచ్చు. సైబర్ క్రైమ్ పోలీసులకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఎవరైనా హుషారు కుర్రాడు "వాని సర్వర్‌ల నేనే దూరుతా" అంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపండి. అనుమతి లేకుండా దూరితే 2000 నాటి ఐటీ చట్టం ముందు ఇద్దరూ ఒకటే.

బ్యాకప్ గురించి రెండు ముక్కలు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క మనకు సరిపోతుంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరవతల. సర్వర్ తానే బ్యాకప్‌ను పంపేలా పెట్టకండి, బ్యాకప్ మెషీనే వచ్చి లాక్కుపోవాలి. లేకుంటే సర్వర్ పట్టుకున్నవాడికి బ్యాకప్ కూడా దొరుకుతుంది. మూడు నెలలకోసారి ఎక్కించి చూడండి. మా పాత బ్యాకప్‌లలో కొన్ని సున్నా బైట్లవి. డిస్క్ నిండితే అది చెప్పదు, మనం అడగం.

తిరిగి తెరిచేటప్పుడు మొదట వారం రోజులు చూడ్డానికి మాత్రమే ఇవ్వండి, రాయడం, ఎక్కించడం తర్వాత. "ఇంకెన్నిరోజులు" అని అందరూ పీడిస్తారు. 2011 ఆగస్టులో చొరబాటు బయటపడ్డ కెర్నెల్ డాట్ ఆర్గ్ (లినక్స్ కెర్నెల్ దొరికే సైట్) అక్టోబరులో గానీ తిరిగి రాలేదని చెప్పండి, కొంచెం తగ్గుతారు.

ఇక శనివారం రాత్రి అన్నారు. వద్దు. రోహిణి కార్తె నడుస్తోంది, సాయంత్రమైతే గాలిదుమారం, రెండు ఉరుములకే కరెంటు పోతుంది, ఇన్వర్టర్ ఎంతసేపొస్తుందో మీకే తెలుసు. డేటాబేస్ సగం ఎక్కాక తెగితే మొదటి నుంచీ మొదలు. సర్వర్ మీదే పనిని నిలిపి ఉంచే టీమక్స్ అనే ప్రోగ్రామ్‌లో పనిచేస్తే మీ దగ్గర కరెంటు పోయినా అక్కడ పని ఆగదు, కానీ తెల్లవారుజాము 3 గంటలకు తూగే కండ్లతో తప్పు ఫోల్డర్ చెరిపితే టీమక్స్ ఏం చేయలేదు. ఆదివారం పొద్దున 6 గంటలకు మొదలుపెట్టండి. రెండు నెట్‌వర్కుల ఫోన్లు హాట్‌స్పాట్‌కు పెట్టుకోండి, కీబోర్డు దగ్గర ఇద్దరుండండి. చెరిపే కమాండ్ ఏదైనా రెండో మనిషి పైకి చదివాకే ఎంటర్ కొట్టండి. నేను ఫోన్ దగ్గరే ఉంటాను.