ఆర్సీ యుద్ధవిమానానికి రిట్రాక్ట్ గేర్ ఎలా ఎంచుకోవాలి?

ఆర్సీలో, అంటే రేడియో రిమోట్‌తో ఎగరేసే మోడళ్లలో, ముస్టాంగో హరికేనో లాంటి పాత యుద్ధవిమానం కట్టుకున్న ప్రతివాళ్లకూ అది గాల్లోకి లేచాక చక్రాలు ముడుచుకుంటే చూడాలని ఉంటుంది. ఉండాలి కూడా, కాళ్లు వేలాడేసుకుని తిరిగే యుద్ధవిమానం ఏం బాగుంటుంది? కానీ మన అనంతపురం వైపు మైదానాల్లో నేను చూసే రిట్రాక్టులు, అంటే ఇలా ముడుచుకునే కాళ్ల సెట్లు, చాలావరకు నాలుగు ల్యాండింగులు తిరక్కముందే రెక్కతో సహా ఊడి చేతికొస్తున్నాయి. సెట్టు నాసిరకమని అందరూ కంపెనీని తిడతారు. అసలు తప్పు అక్కడ కాదు. ముందు ఫొటో చూసి ఆర్డర్ పెట్టేస్తారు, పార్సిల్ వచ్చాక దానికి తగ్గట్టు రెక్క కోస్తారు. ముందు కొలవాలి, తర్వాతే కొనాలి.

కొలవడానికి స్టీలు స్కేలు, కోణమాపకం, దారానికి కట్టిన ఒక నట్టు, పెద్ద అట్ట చాలు. ఇంట్లో కడప బండలు పరిచిన గది ఉంటే అక్కడే కూర్చోండి, టేబుల్ కన్నా ఆ నేలే చదునుగా ఉంటుంది. బ్యాటరీతో సహా విమానాన్ని పూర్తిగా సర్ది తూకం వేయండి, సీజీ, అంటే విమానం బరువు సమంగా తూగే చోటు, గుర్తు పెట్టుకోండి.

రకం గురించి ఎక్కువ ఆలోచించొద్దు, ఎలక్ట్రిక్ కొనండి. సర్వో అనే చిన్న మోటారుతో లాగే మెకానికల్ రకంలో లింకేజీ కడ్డీ కాస్త వంగితే ఒక కాలు సగంలో ఆగిపోతుంది. గాలితో పనిచేసేవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ మన దుమ్ము గాలి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగుల్లో చేరిందంటే లీకు మొదలు. ఎలక్ట్రిక్‌లో కూడా రెండు విషయాలు గట్టిగా అడగాలి: కాలు దిగే దిమ్మ, అంటే ట్రనియన్, లోహంతో చేసిందై ఉండాలి, కాలు ఎక్కడైనా అడ్డుపడి ఆగితే కరెంటు దానంతటదే కట్ అవ్వాలి. ఈ రెండో ఏర్పాటు లేని చవక యూనిట్లలో మోటారు కాలిపోతుంది, పోతూ పోతూ రిసీవర్ ఓల్టేజీని కూడా కిందికి లాగుతుంది. అందుకే రిట్రాక్టులకు వేరే బీఈసీ, అంటే బ్యాటరీ ఓల్టేజీని తగ్గించి ఇచ్చే చిన్న సర్క్యూట్, పెట్టాలి. లోపలి స్క్రూకి గ్రీజు మాత్రం దట్టంగా పూయొద్దు, ఎర్రదుమ్ముతో కలిసి ముద్దవుతుంది.

బరువు రేటింగు ఎప్పుడూ ఒక మెట్టు పైది తీసుకోండి. విమానం 3 కిలోలుంటే 4, 5 కిలోలకు చెప్పిన సెట్టే కొనండి. ఆ రేటింగులు తారు రన్‌వేలను చూసి రాసినవి. చెనిక్కాయ పీకేసిన చేలో, గులకరాళ్ల మీద దిగే విమానానికి అవి సరిపోవు. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో ఎగరేసేవాళ్లకు ఎండాకాలం నెర్రెలు ఇంకో తలనొప్పి. చిన్న చక్రం అందులో దిగబడిందంటే కాలు వెనక్కి విరుచుకుంటుంది.

చక్రాల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. అసలు పీ-51 ముస్టాంగ్ రెక్క పొడవు 11.28 మీటర్లు, చక్రం 27 అంగుళాలు. మన 1.4 మీటర్ల మోడల్ దాదాపు ఎనిమిదో వంతు, అంటే చక్రం 85 మి.మీ. ఉండాలి. కిట్‌తో తరచుగా అంతకన్నా చిన్నవి వస్తాయి. అవి తీసి పక్కన పెట్టండి.

మొదటిసారి రిట్రాక్టులు వేసేవాళ్లు స్పిట్‌ఫైర్, బీఎఫ్-109 జోలికి పోవద్దని నా గట్టి మాట. రెండింటికీ కాళ్లు ఫ్యూజలాజ్, అంటే విమానం మొండెం, దగ్గర మొదలై బయటికి ముడుచుకుంటాయి, చక్రాల మధ్య దూరం తక్కువ, పక్కగాలికి నేల మీదే ఒరిగిపోతాయి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, ఆషాఢంలో మన గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. పీ-40, కోర్సేర్ కాళ్లు వెనక్కి పోతూ 90 డిగ్రీలు తిరుగుతాయి, అవి రెండో మూడో మోడల్‌కి ఉంచుకోండి. హరికేన్ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. 1944లో ఇంఫాల్ పోరులో అర్జన్ సింగ్ నాయకత్వంలో మన వైమానిక దళం 1వ స్క్వాడ్రన్ ఎగరేసింది దాన్నే. దాని కాళ్లు ఎడంగా ఉంటాయి కాబట్టి నేల మీద నిలకడ ఎక్కువ, కానీ లోపలికి పోతూ కాస్త వెనక్కి కూడా పోతాయి, అక్కడ లెక్క కొంచెం పెరుగుతుంది. అన్నిటికన్నా తేలిక ముస్టాంగ్. ఎడంగా ఉన్న కాళ్లు తిన్నగా లోపలికి ముడుచుకుంటాయి. కింది లెక్కంతా దానికే చెబుతున్నాను.

ఇక అసలు కష్టమైన పని, చక్రం ఎక్కడ దిగాలో తేల్చడం. దీన్ని తొందరపడి చేయొద్దు. తోక కింద పుస్తకాలు పేర్చి విమానాన్ని సమంగా నిలబెట్టండి. పక్కనుంచి కనిపించే ఆకారాన్ని అట్ట మీద అసలు సైజులో గీయండి, సీజీ చుక్క పెట్టండి. ఎత్తులో ఆ చుక్క ఫ్యూజలాజ్ మధ్యకు దగ్గరగా ఉంటుందనుకుంటే సరిపోతుంది. చుక్క నుంచి నట్టు వేలాడదీసి నిలువు గీత గీయండి. దానికి ముందువైపు 15 డిగ్రీల దగ్గర ఒకటి, 20 డిగ్రీల దగ్గర ఒకటి గీతలు లాగండి. చక్రం నేలను తాకే చోటు ఈ రెండు గీతల మధ్య పడాలి. సీజీ నేలకు 20 సెం.మీ. ఎత్తులో ఉంటే నిలువు గీతకు 5.4 నుంచి 7.3 సెం.మీ. ముందు అన్నమాట. తారు రోడ్డు మీద 15 డిగ్రీలు నడుస్తుంది, మన నేలకు 20కి దగ్గరగా ఉంచండి. తగ్గితే ప్రొపెల్లర్ మట్టిలో గుచ్చుకుని బోర్లా పడుతుంది. బోర్లా పడుతోందని మరీ ముందుకు జరిపినా ప్రమాదమే. చక్రాలు తాకగానే తోక కిందికి పడిపోయి, రెక్క కోణం పెరిగి విమానం మళ్లీ ఎగురుతుంది, బంతిలా గెంతుతూ పోతుంది.

కాలు పొడవును ప్రొపెల్లర్ నిర్ణయిస్తుంది. విమానం సమంగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్ కొసకు, నేలకు మధ్య 5 సెం.మీ. ఖాళీ ఉండాలి. 13 అంగుళాల ప్రొపెల్లర్ అయితే దాని ఇరుసు నేలకు 21.5 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి లెక్కగట్టి పివట్ నుంచి, అంటే కాలు ముడుచుకునే కీలు నుంచి, చక్రం ఇరుసు మధ్య వరకు ఎంత పొడవు కావాలో రాసుకోండి. అమ్మేవాళ్లు కొందరు కాలు మొత్తం పొడవు చెబుతారు, కొందరు చక్రం ఇరుసు వరకే చెబుతారు. అడగకుండా డబ్బు కట్టొద్దు. ఆ పొడవుకు చక్రం సగం సైజు కలిపితే వచ్చేది, పివట్ నుంచి విమానం మధ్యగీతకు ఉన్న దూరం కన్నా తక్కువ ఉండాలి. లేదంటే ముడుచుకున్నాక రెండు చక్రాలూ లోపల గుద్దుకుంటాయి.

ఇప్పుడు కాలు 90 డిగ్రీలు తిరిగే యూనిట్టా, 85 డిగ్రీలు తిరిగేదా అన్న ప్రశ్న. రెక్క కొసలు పైకి లేచిన కోణం, అంటే డైహెడ్రల్, 5 డిగ్రీలుంటే లోపలికి ముడుచుకునే కాలుకి 85 డిగ్రీలదే కొనాలి. 90 వేస్తే కాళ్లు రెండూ బయటికి చాచుకుని నిలబడతాయి, ఒక్క గట్టి ల్యాండింగుకి పిన్ను వంగుతుంది. బయటికి ముడుచుకునే విమానాలకు ఈ లెక్క తిరగబడుతుంది, అక్కడ దీన్ని గుడ్డిగా వాడొద్దు.

అట్ట మీద అంతా కుదిరాక కూడా చక్రం నాలుగైదు మిల్లీమీటర్లు వెనక పడుతుంటే రెక్కను మళ్లీ కోయకండి. యూనిట్ వెనకవైపు స్క్రూల దగ్గర, దాన్ని బిగించే చెక్క పట్టీకీ యూనిట్‌కీ మధ్య 1 మి.మీ. ప్లైవుడ్ ముక్క పెట్టండి. ముందు, వెనక స్క్రూల మధ్య 30 మి.మీ. ఎడం ఉండి, కాలు 15 సెం.మీ. ఉంటే, ఆ సన్న ముక్కతో చక్రం 5 మి.మీ. ముందుకొస్తుంది.

బిగించడం త్వరగా చెప్పేస్తాను. ఫోమ్ రెక్కలో యూనిట్‌ని నేరుగా స్క్రూ చేయొద్దు. గట్టి ప్లైవుడ్ పట్టీలను స్పార్, అంటే రెక్క పొడవునా ఉండే బలమైన కడ్డీ, దాకా పోనిచ్చి ఎపాక్సీతో అతికించండి. హాట్ గ్లూ అసలే వద్దు, ఎండలో నిలబెట్టిన కారులో అది మెత్తబడుతుంది. కాలు దిగే పిన్ను మీద గ్రబ్ స్క్రూ, అంటే తల లేని చిన్న స్క్రూ, తగిలే చోట ఆకురాయితో చదునుగా రుద్దండి, గుండ్రటి పిన్ను మీద ఎంత బిగించినా చక్రం పక్కకు తిరిగిపోతుంది. స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేయండి. చక్రాలు ముందువైపు ఒక డిగ్రీ లోపలికి చూడాలి, బయటికి చూడకూడదు.

విమానాన్ని తలకిందులుగా పెట్టి గేరు తీసి వేసి చూడండి, చక్రం గుంత అంచుకు రాసుకోకూడదు. మొదటి రోజు గాలి పడిపోయిన సాయంత్రం నేల మీదే అటూ ఇటూ నడిపించి, ఇంటికి తెచ్చి గ్రబ్ స్క్రూలన్నీ మళ్లీ బిగించాకే ఎగరేయండి.