బోరు ధార తగ్గిందా? చెయ్యి పెట్టే ముందు చూసుకోవాల్సినవి

కుళాయిలో ధార సన్నబడగానే మోటారు పోయిందని కంగారుపడకండి. ముందు మేడెక్కి, బోరు నీళ్లు ట్యాంకులో ఎలా పడుతున్నాయో చూడండి. అక్కడ బాగానే ఉంటే తేడా ఇంటి పైపుల్లోనో, కుళాయి జాలీలోనో ఉన్నట్టు. పై అంతస్తు షవర్ అయితే అసలు తేడానే కాకపోవచ్చు. షవర్ కంటే ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉంటే గానీ సుమారు 1 కిలో ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకి కిలో) రాదు మరి.

బోరు వైపే అనుమానం ఉంటే:

- స్టార్టర్‌లో ఆఫ్ నొక్కితే చాలదు. మెయిన్ దించి, టెస్టర్ పెట్టి చూడాలి. సింగిల్ ఫేజ్ ప్యానెల్లో కెపాసిటర్లుంటాయి. కరెంటు తీసేశాక కూడా వాటిలో షాక్ కొట్టేంత ఛార్జి మిగిలి ఉండొచ్చు. ఆ మూత ఎలక్ట్రీషియనే విప్పాలి.
- ఆటో స్టార్టర్ (కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసేది) ఉంటే, మీరు పనిలో ఉన్నారని ఇంట్లోవాళ్లకి చెప్పండి.
- తడి చేతులు, ఉత్త కాళ్లు వద్దు.
- గేట్ వాల్వ్ తెరిచి ఉందని చూశాకే మోటారు వేయండి.
- నీళ్లు ఆగి ఆగి, గాలితో కలిసి చిమ్ముతుంటే వెంటనే ఆపేయండి. వేసవిలో నీటిమట్టం దిగితే ఇలాగే వస్తుంది. సబ్‌మెర్సిబుల్ మోటారుని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. అవి లేకపోతే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) కాలిపోతుంది.
- త్రీఫేజ్ మోటారైతే, లైన్ పని జరిగిన తర్వాతే ధార తగ్గిందా? ఫేజులు మారి ఉల్టా తిరుగుతుందేమో ఎలక్ట్రీషియన్ని అడగండి.
- మోటారు బయటికి తీయాల్సి వస్తే చైన్ పుల్లీ ఉన్నవాళ్లనే పిలవండి. కేబుల్ పట్టి లాగనివ్వకండి. మధ్యలో టీకి వెళ్లినా సరే, బోరు మూత బిగించే వెళ్లమనండి.