ఇంట్లో కీళ్లవాతం ఉంటే: మన రిస్క్ ఎంతో తెలుసుకోవడం ఎలా?

ముందు అమ్మకో నాన్నకో ఉన్నది నిజంగా రుమటాయిడ్ ఆర్థరైటిసేనా (ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు) అన్నది తేల్చుకోండి. మోకాళ్ల అరుగుదల, గౌట్, చికున్‌గున్యా తగ్గాక నెలల తరబడి వదలని నొప్పులు, అన్నిటినీ మనవాళ్లు కీళ్లవాతమనే అంటారు. పాత ఫైలు తీసి, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష పాజిటివ్ అని ఉందా, వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు రాశారా చూడండి. రెండూ ఉంటే చాలావరకు అదే.

వారసత్వంలో పెద్ద పాత్ర 6వ క్రోమోజోమ్ మీది హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 జన్యువుది. దాని ప్రొటీన్ కణం మీద గాడిలా ఉండి, ప్రొటీన్ ముక్కలను రక్షణ వ్యవస్థలోని టీ కణాలకు చూపిస్తుంది. ఈ జన్యువులోని కొన్ని రకాల్లో 70 నుంచి 74 స్థానాల దాకా అమైనో ఆమ్లాల వరుస దాదాపు ఒకేలా ఉంటుంది. దీన్నే 1987 నుంచి షేర్డ్ ఎపిటోప్ అంటున్నారు. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం సిట్రులిన్‌గా మారిన ప్రొటీన్ ముక్కలు ఆ గాడిలో బాగా ఇముడుతాయి. వాటి మీద తయారయ్యే యాంటీబాడీలనే యాంటీ సీసీపీ పరీక్ష పట్టుకుంటుంది. నొప్పులకు ఏళ్ల ముందే ఇవి కనిపించవచ్చు.

యూరప్ రోగుల్లో ఈ జన్యువు 04:01 రకం ముఖ్యమైతే, మన దేశంలో 10:01 కూడా తరచుగా కనిపిస్తుంది. అక్కడ పేరున్న పీటీపీఎన్22 అనే మరో జన్యువులోని మార్పు మనలో చాలా అరుదు. ఉమ్మి పంపి తెప్పించుకునే విదేశీ జీన్ రిపోర్టును మనకు యథాతథంగా అన్వయించుకోకండి.

అసలు జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి జబ్బుంటే, రెండోవారికి వచ్చేది సుమారు 15 శాతం మందికే. మామూలు జనాభాలో ఒక శాతం లోపు. తల్లికో తోబుట్టువుకో ఉంటే సుమారు మూడు రెట్లు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు జీన్ పరీక్ష డబ్బు దండగే. హెచ్‌ఎల్‌ఏ-బీ27 పరీక్ష అయితే వేరే జబ్బుకు, వెన్నెముక వాతానికి చేసేది. ల్యాబుల ఆర్థరైటిస్ ప్యాకేజీల్లో ఆర్‌ఏ ఫ్యాక్టర్ (ఇంకో రకం యాంటీబాడీ) ఒక్కటే పాజిటివ్ వచ్చిందని హడలిపోకండి. వయసు పైబడినా, హెపటైటిస్-సి, టీబీ ఉన్నా అది వస్తుంది. యాంటీ సీసీపీ మామూలు పరిమితికి మూడు రెట్లు దాటితే మాత్రం, నొప్పి లేకపోయినా రుమటాలజిస్టుకు చూపించండి.

మన చేతిలో ఉన్నది పొగ మానడం. చుట్టయినా, బీడీ అయినా పొగ ఊపిరితిత్తుల్లో సిట్రులిన్ మార్పును పెంచుతుంది. షేర్డ్ ఎపిటోప్ ఉన్నవాళ్లకు ఇది నిప్పు మీద నెయ్యే. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే దానికీ వైద్యం చేయించుకోండి.

పొద్దున లేవగానే పిడికిలి బిగించి చూడండి. అరగంట దాటినా బిగుసుకుపోయే ఉందా, ఉంగరం పట్టేస్తోందా? ఇంకొకరిని షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు మీ వేళ్ల మొదళ్లను అడ్డంగా నొక్కమనండి. నొప్పి పుడితే అనుమానించాలి. వేళ్ల చివరి కణుపుల్లో మాత్రమే వాపుంటే ఎక్కువగా అది అరుగుదలే. వాపు తగ్గకపోతే ఆరు వారాల్లోపే స్పెషలిస్టును కలవండి. ఈలోగా మెడికల్ షాపులో స్టిరాయిడ్ బిళ్లలు కొనుక్కోవద్దు. వాపు అణిగిపోయి డాక్టరుకు ఏమీ దొరకదు, లోపల ఎముకను మాత్రం జబ్బు తినేస్తూనే ఉంటుంది. వాపు మధ్యాహ్నానికి తగ్గిపోతుంటే, పొద్దున్నే రెండు చేతులూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుని చూపించండి.