పాత చాపర్‌ను ఇంటి వర్క్‌షాపులో మళ్లీ నిలబెట్టడం ఎలా?

పాత చాపర్, అంటే ఫ్రేము కోసి ముందు భాగం పొడవు పెంచిన మోటార్‌సైకిల్, చేతికి రాగానే చాలామంది మొదట ఇంజన్ దించుతారు. నేనూ నా మొదటి బండికి అదే చేశాను. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను: ముందు ఫ్రేము మెడ చూడండి, అంటే ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు తిరిగే గొట్టం. ఇంజన్ పని తర్వాతైనా చేసుకోవచ్చు.

మామూలు పాత బండిని బాగుచేయడమంటే కంపెనీ నుంచి వచ్చిన రూపానికి తేవడం. దానికి కావలసిన కొలతలన్నీ మాన్యువల్‌లో దొరుకుతాయి. చాపర్ సంగతి వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కుర్రాళ్లు బరువైన బండ్ల మీద అక్కర్లేని మడ్‌గార్డులూ సామానూ పీకేసి బాబర్లు చేసుకున్నారు. 1960, 70లకు వచ్చేసరికి ఏకంగా ఫ్రేమునే కోసి, మెడను వెనక్కి వాల్చి, బారెడు పొడవున ఫోర్కు బిగించడం మొదలైంది. చాపర్ అన్న పేరే కోయడంలోంచి వచ్చింది. అంటే మీ ముందున్న ఫ్రేమును ఎవరో ఎప్పుడో కోసి అతికారు. ఎంత బాగా అతికారో చెప్పే మాన్యువల్ లేదు, మీరే వెతికి తెలుసుకోవాలి.

విప్పడానికి ముందు

కాగితాల్లో ఉన్న నంబరు, బండి మీద ఉన్న నంబరు సరిపోతున్నాయో లేదో చూడండి. హార్లీ డేవిడ్‌సన్ అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 1970కి ముందు వచ్చిన బండ్లకు ఇంజన్ నంబరే బండి నంబరు, ఫ్రేము మీద అలాంటి నంబరు ఉండదు. 1970 నుంచి రెండింటి మీదా ఉంటుంది. కాబట్టి 1962 నాటి పాన్‌హెడ్ (పాన్‌హెడ్, షవల్‌హెడ్ హార్లీ ఇంజన్ రకాల పేర్లు) ఫ్రేము మీద నంబరు లేకపోతే కంగారు పడక్కర్లేదు. 1974 షవల్‌హెడ్ ఫ్రేము మీద నంబరు ఉండాల్సిన చోట గ్రైండర్ గీతలు కనిపిస్తే మాత్రం, ఆ చిక్కు తేలేదాకా పానా పట్టకండి.

తర్వాత ఫోటోలు. ప్రతి వైరు, ప్రతి పైపు, ప్రతి వాషరు ఎటు తిరిగి ఉందో తీసి పెట్టుకోండి. విప్పిన నట్లూ బోల్టులూ ఒకే డబ్బాలో పోయకుండా, ఏ భాగానివి ఆ సంచిలో వేసి పేరు రాయండి. వాల్వులను కదిలించే పుష్‌రాడ్లు, టాపెట్లు ఏ సిలిండర్‌వి ఏ చోటివో విడివిడిగా గుర్తు పెట్టాలి. అరిగిన జతలు విడిపోతే మళ్లీ కొత్తగా అరుగుతాయి.

పనిముట్ల విషయంలో బండి పుట్టిన దేశాన్ని గుర్తుంచుకోండి. అమెరికా బండికి అంగుళాల పానాలు కావాలి. పాత బ్రిటిష్ బండికి విట్‌వర్త్ సైజులు. హోండా సీబీ750 లాంటి జపాన్ బండికి మిల్లీమీటర్లు, దాంతోపాటు జపాన్ ప్రమాణం స్క్రూడ్రైవరు. చూడటానికి మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ లాగే ఉంటుంది కానీ మామూలుది పెట్టి తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది.

పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూట కట్టి పారేయండి.

మెడ దగ్గర లప్పం గీకండి

నాటి చాపర్లలో ఒక ఫ్యాషన్ ఉండేది. మెడ దగ్గర గొట్టాలు కలిసే చోట లప్పం దట్టంగా పట్టించి, నున్నగా రుద్ది, శిల్పంలా చేసి, పైన మెరిసే రంగు వేసేవారు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ లప్పం కిందే అసలు అతుకు ఉంటుంది. బండి బరువూ రోడ్డు దెబ్బలూ అన్నీ వచ్చి పడేది సరిగ్గా అక్కడే.

నా రెండో బండికి మెడ మీద రంగు అద్దంలా ఉండేది. ఒకచోట మాత్రం వెంట్రుకంత గీత. రంగు పాతబడి చిట్లిందనుకున్నాను. హీట్ గన్‌తో వేడి చేసి గీకుతుంటే బొటనవేలి మందం లప్పం పెళ్లలుగా ఊడొచ్చింది. దాని కింద పై గొట్టం చుట్టూ పుట్టల్లా లేచిన వెల్డింగ్, పక్కనే ఒక గుంట. రంగు మీద గీత ఎక్కడుందో ఇనుములో పగులూ అక్కడే ఉంది. అలాగే నడిపి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి రంగు ఎంత బాగున్నా సరే, మెడ చుట్టూ, సీటు కింద గొట్టాలు కలిసే చోట, వెనక ఇరుసు పట్టే పలకల దగ్గర ఇనుము కనపడేదాకా గీకండి. లప్పం, పాత రంగు దుమ్ము పీల్చకుండా మంచి మాస్కు తప్పనిసరి. వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్ ఫ్రేములకు వెనక పలకలు మరీ ముఖ్యం. ప్రతి గుంతా నేరుగా వాటికే తగులుతుంది.

కంటికి కనపడని పగులు పట్టుకోవడానికి డై పెనెట్రెంట్ కిట్ తెచ్చుకోండి. అతుకును క్లీనర్‌తో శుభ్రంగా తుడిచి ఎర్ర రంగు చల్లాలి. డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, పైపైన ఉన్న ఎరుపంతా తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లాలి. పగులుంటే అందులో దిగిన ఎరుపు తెల్లటి పూత మీద సన్నటి గీతగా పైకి వస్తుంది. ఇంట్లో చేయదగ్గ పరీక్షల్లో దీన్ని మించింది నాకు కనపడలేదు.

పగులు దొరికితే దాని మీదే మళ్లీ వెల్డింగ్ పోయడం మరమ్మతు కాదు. పాత అతుకును పూర్తిగా కోసి, గొట్టం లోపల స్లగ్గు (బలానికి పెట్టే ఉక్కు ముక్క) పెట్టి, ఫ్రేమును జిగ్‌లో (కదలకుండా పట్టే చట్రంలో) బిగించి అతకాలి. మిగతా పనులన్నీ నేర్చుకుంటూ చేయండి, తప్పులేదు. మెడ వెల్డింగ్ మాత్రం ఫ్రేముల పనిలో చేయి తిరిగినవారికే ఇవ్వండి. ఇంకో జాగ్రత్త: క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. వెల్డింగ్‌కు ముందు తుడవడానికి అసిటోన్ వాడి, అది పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి.

రేక్, ట్రెయిల్ కొలవండి

నిలువు గీత నుంచి మెడ ఎంత వాలి ఉందో ఆ కోణం రేక్. మెడ గీతను నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకీ, ముందు చక్రం నేలను తాకే చోటుకీ మధ్య దూరం ట్రెయిల్. చూసేవాళ్లకు కనపడేది రేక్. నడిపేవాళ్ల చేతులకు తెలిసేది ట్రెయిల్.

ఉదాహరణకు ముందు చక్రం వ్యాసార్ధం 335 మి.మీ., మెడ గీతకు ఫోర్కు గొట్టాలు 50 మి.మీ. ముందున్నాయి అనుకుందాం. రేక్ 30 డిగ్రీలైతే ట్రెయిల్ దాదాపు 136 మి.మీ. వస్తుంది. ఇంకేమీ మార్చకుండా రేక్‌ను 40 డిగ్రీలు చేస్తే అదే ట్రెయిల్ 216 మి.మీ. అవుతుంది. పది డిగ్రీలకే అంత తేడా. అలాంటి బండి తిన్నగా పోయేటప్పుడు గీత గీసినట్టు పోతుంది కానీ, మెల్లగా మలుపు తిప్పితే హ్యాండిల్ బరువుగా ఒక పక్కకు వాలిపోతుంది. దీన్ని తగ్గించడానికి కోణం ఇచ్చిన ట్రిపుల్ ట్రీలు (ఫోర్కు గొట్టాలను మెడకు పట్టే బిగింపులు) వాడతారు. మెడ వాలకుండా, మామూలు ఫ్రేముకు అవే ట్రీలు బిగిస్తే ట్రెయిల్ మరీ తగ్గిపోయి వేగంలో హ్యాండిల్ వణుకుతుంది. ఈ రెండో తప్పు మొదటిదానికంటే ప్రమాదం.

కొలవడం తేలికే. బండిని చక్రాల మీద నిటారుగా నిలబెట్టి, మీరో ఇంకొకరో కూర్చోండి. మెడ గీత వెంట పొడవాటి తిన్నని కడ్డీ పట్టి నేల మీద గుర్తు పెట్టండి. ముందు ఇరుసు నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి, అది తాకే చోట ఇంకో గుర్తు. మధ్య దూరమే ట్రెయిల్. పాత బండిలో ఈ లెక్క మీకు నచ్చకపోతే, ఏదైనా మార్చాల్సింది ఇప్పుడే, రంగు వేశాక కాదు.

ఫోర్కు, చక్రాలు, బ్రేకులు

ఫోర్కు గొట్టాలను చదునైన గాజు పలక మీద దొర్లిస్తే వంకర ఇట్టే తెలుస్తుంది. పొడవు పెంచడానికి గొట్టం చివర అదనపు ముక్కలు బిగించి ఉంటే వాటిని తీసేసి, ఒకే నిడివి గొట్టాలు వేయండి. స్ప్రింగులు బయటికి కనిపించే స్ప్రింగర్ ఫోర్కయితే రాకర్ల (చక్రాన్ని పట్టి ఊగే చిన్న చేతుల) బుష్‌లు, పిన్నులు అరిగే చోటు.

అందం కోసం ఇరుసులకూ, గట్టి ఉక్కు బోల్టులకూ క్రోమ్ పూత వేయించేవారు. పూత వేసేటప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ చేరితే అది పెళుసవుతుంది. వెంటనే సరైన పద్ధతిలో వేడి చేసి తీస్తేనే ఆ గుణం పోతుంది. ఎవరు ఎలా వేశారో తెలియని క్రోమ్ ఇరుసును నేను నమ్మను, కొత్తది వేస్తాను.

టైరు నమూనా అరగలేదని పాతదాన్నే ఉంచకండి. 2000 నుంచి వచ్చిన టైర్ల పక్కన అమెరికా డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. మూడే అంకెలుంటే అది అంతకుముందుది, తీసి పక్కన పెట్టాల్సిందే.

ముందు బ్రేకు లేకుండా వదిలేయడం నాటి శైలి. బండి రూపం మారుతుందని చాలామంది ఒప్పుకోరు. నా మట్టుకు నేను ప్రతి బండికీ ముందు చిన్న డిస్కో డ్రమ్మో పెడతాను. బ్రేకు వేసినప్పుడు బరువు ఎక్కువగా ముందు చక్రం మీదకే వస్తుంది. వెనక బ్రేకు ఒక్కదాన్ని నమ్ముకుంటే టైరు తిరగకుండా లాకై జారడం తప్ప బండి త్వరగా ఆగదు.

ఇప్పుడు ఇంజన్

దించకముందే, తిరిగే స్థితిలో ఉంటే, కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూసి రాసుకోండి. రెండు సిలిండర్ల మధ్య తేడా ఎక్కువుంటే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పిస్టన్ పట్టేసి ఉంటే ప్లగ్గు కన్నంలోంచి పల్చటి నూనె పోసి రోజుల తరబడి నాననివ్వండి. కిక్ మీద నిలబడి బలవంతం చేస్తే రింగులూ గేర్లూ విరుగుతాయి.

హెడ్లు, సిలిండర్లు, వాల్వులు, రింగులు ఇంట్లో చేసుకోవచ్చు. సిలిండర్ బోరింగ్, వాల్వు గైడ్లు, క్రాంక్ పని మెషిన్ షాపుకి ఇవ్వండి. విడిభాగాలు తెచ్చేటప్పుడు సంవత్సరం కచ్చితంగా చెప్పాలి. పాన్‌హెడ్ 1948 నుంచి 1965 దాకా వచ్చింది. మధ్యలో 1953లో హైడ్రాలిక్ టాపెట్లు పుష్‌రాడ్ల పై కొస నుంచి కిందికి మారాయి. 1965లో 6 వోల్టుల కరెంటు 12 వోల్టులైంది. పేరొకటే అయినా సామాను వేరు.

ఈ ఇంజన్లకు నూనె వేరే ట్యాంకులో ఉంటుంది. బండి నెలలు ఆగితే పంపులోని చెక్ వాల్వు (నూనెను ఒకవైపే పోనిచ్చే బంతి, స్ప్రింగు) గుండా నూనె మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగుతుంది. అది తెలియక కిక్ కొడితే బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి నేలంతా నూనె. పంపు విప్పి ఆ బంతి, స్ప్రింగు మార్చి, బంతి కూర్చునే చోటు శుభ్రం చేయండి.

ట్యాంకు తుప్పు

ట్యాంకు లోపలి తుప్పుకు ఎలక్ట్రాలిసిస్ బాగా పనిచేస్తుంది. పెట్రోలు పూర్తిగా తీసేసి, సబ్బునీళ్లతో పలుసార్లు కడిగి, వాషింగ్ సోడా కలిపిన నీళ్లు నింపాలి. మామూలు ఇనుప కడ్డీని ట్యాంకుకు తగలకుండా లోపలికి వేలాడదీసి, పాత పద్ధతి బ్యాటరీ ఛార్జర్ ప్లస్ దానికీ, మైనస్ ట్యాంకుకీ ఇవ్వండి. స్టెయిన్‌లెస్ కడ్డీ వద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, నిప్పు దగ్గరికి రానివ్వకండి. తీశాక వెంటనే ఆరబెట్టి కాస్త నూనె తిప్పకపోతే గంటల్లో మళ్లీ ఎర్రబడుతుంది.

రంగుకు ముందు ఒకసారి మొత్తం బిగించండి

ఉత్త ఇనుము మీదే బండిని పూర్తిగా నిలబెట్టండి. ఇంజన్, ట్యాంకు, సీటు, మడ్‌గార్డు, సైలెన్సర్ గొట్టాలు, నంబరు ప్లేటు కూడా. చైను గార్డుకు తగులుతుందా? హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ట్యాంకు తగులుతుందా? కిక్ కింది దాకా వెళ్తుందా? రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయో పొడవాటి దారం లాగి చూడండి. కన్నాలు వేయడం, క్లాంపులు అతకడం అన్నీ ఇప్పుడే అయిపోవాలి. తర్వాతే విప్పి రంగుకి పంపండి. పాత రంగు బాగుండి, కింద ఇనుము గట్టిదని తేలితే ఆ ట్యాంకును అలాగే ఉంచమంటాను. నాటి చేతిపని మళ్లీ దొరకదు.

వైరింగ్

చాపర్ వైరింగ్ చాలా చిన్నది: బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు, తాళం, కాయిల్, లైట్లు, బ్రేకు లైటు, ఛార్జింగ్. పాత వైర్లకు అతుకులు వేయకుండా మొత్తం కొత్తగా లాగండి. కొత్త రంగు వేసిన బండ్లలో లైట్లు మిణుకుమిణుకుమంటే చాలాసార్లు కారణం ఎర్తు. ఎర్తు బోల్టు కింద రంగు గీకి ఇనుము కనపడేలా చేయండి. బ్యాటరీ నుంచి ఇంజన్‌కు, ఇంజన్ నుంచి ఫ్రేముకు విడిగా మందపాటి వైర్లు వేయండి.

మొదటి స్టార్ట్, మొదటి రైడ్

ప్లగ్గులు తీసి, ట్యాంకులోకి తిరిగొచ్చే పైపు దగ్గర నూనె కనపడేదాకా కిక్ తొక్కండి. తర్వాత ప్లగ్గులు బిగించి, చేత్తో తిప్పే టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయం) ఉంటే వెనక్కి పెట్టి కిక్ కొట్టండి. అలా పెట్టకపోతే కిక్ ఎదురు తన్ని మోకాలు దెబ్బతింటుంది. పక్కనే మంటలు ఆర్పే సిలిండర్, ఇంజన్ ముందు పెద్ద ఫ్యాను ఉంచండి. గాలితో చల్లబడే ఇంజన్‌ను నిలబెట్టి ఎక్కువసేపు తిప్పకూడదు. ఒకటి రెండు నిమిషాలు తిప్పి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ ఇంకాస్త. చల్లారాక హెడ్ బోల్టులు మాన్యువల్ చెప్పిన టార్క్‌కి ఒకసారి సరిచూడండి.

మొదటి రైడ్ ఖాళీ రోడ్డు మీద కొన్ని కిలోమీటర్లు చాలు. తిరిగొచ్చి ప్రతి నట్టూ తాకి చూడండి, వణుకుకి కొన్ని వదులై ఉంటాయి. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి నూనె మార్చి, చైను బిగువు, చువ్వల బిగువు చూసుకోండి. అప్పుడే టార్చిలైటు పట్టుకుని మెడ అతుకుల దగ్గరకీ వెళ్లండి. అందుకే నేను అక్కడ లప్పం పట్టించను, పల్చటి రంగు ఒక్కటే వేస్తాను. గీత పడితే మొదటి రోజే కనపడాలి.