కాలేయం ఇచ్చే మనిషిని ఒంటరిగా అడిగారా?

2025 ఆగస్టులో పుణెలో భర్తకు కాలేయంలో కొంత భాగం ఇచ్చిన భార్య, ఆయన పోయిన కొద్ది రోజులకే తానూ పోయింది. అప్పట్నుంచి మా శ్రీకాకుళం వైపు ఎవరింట్లో ఈ ఆపరేషన్ మాటెత్తినా టెన్షనే.

అలాగని మానేయమనడం లేదు. కిడ్నీ పోతే డయాలసిస్‌తో నెట్టుకురావచ్చని, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో చిన్నపిల్లలకీ తెలుసు. లివర్ పూర్తిగా చెడితే ఏళ్లతరబడి అలా నెట్టుకొచ్చే మెషీన్ లేదు. చనిపోయినవాళ్ల అవయవాల కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించుకుని ఎదురుచూసేలోపు రోగి క్షీణించిపోవచ్చు. ఇంటి మనిషి ఇస్తే, ఒంట్లో ఓపిక ఉండగానే తేదీ పెట్టుకోవచ్చు. లాభం అదీ.

పెద్దవాళ్లకైతే ఎక్కువగా కుడి భాగం, అంటే దాదాపు 60 శాతం తీస్తారు. మిగిలింది కొన్ని నెలల్లో చాలావరకు పెరుగుతుంది. అందరూ ఆ ఒక్క మాటే పట్టుకుంటారు. పైత్యరసం కారడం, రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కోత దగ్గర హెర్నియా ఎవరికీ గుర్తుండవు. దాత ప్రాణం పోవడం అరుదే. వెయ్యిమందిలో ఒకరి నుంచి ఐదుగురి దాకా అని లెక్క చెబుతారు.

కొంపలు ముంచే తప్పు మాత్రం ఒకటే: దాతను ఒంటరిగా అడగకపోవడం. "నీకిష్టమేనా అమ్మా?" అని డాక్టరు కోడల్ని అడిగితే, "దానికేటి బాబూ, ఇస్తాది" అని అత్తగారు జవాబిచ్చింది. ఆ పిల్ల కొంగు వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూస్తోంది.

ఒంటరిగా అడగండి. వద్దంటే, ఆ మాట బయటికి రాకుండా "ఈమె లివర్ సరిపోదు" అని ఇంట్లోవాళ్లకు చెప్పమని డాక్టర్ని కోరవచ్చు. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవచ్చు.

తాగుడు, పచ్చకామెర్ల పసరు, గర్భం రాకుండా వేసుకునే మాత్రలు ఏవీ దాచొద్దు. ఆ మాత్రలతో ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. మామగారి ముందు ఇవన్నీ ఎవరు చెబుతారు? అందుకే ఒంటరిగా అడగమనేది.

దాతకు ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు ఉందని డాక్టరంటే వాదించొద్దు.

డబ్బుకి దాతను తెస్తానన్న బ్రోకర్ని గుమ్మం ఎక్కనివ్వొద్దు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం అది నేరం.

రోగికి ఒక మనిషి, దాతకు ఇంకొక మనిషి తోడుండాలి.

రోగి మందులు జీవితాంతం. ఒక్క పూట మానొద్దు.

దాతకు జ్వరమొచ్చినా, కళ్లు పచ్చబడినా పల్లెలో మాత్ర మింగించి కూర్చోబెట్టొద్దు. వెంటనే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి.

డాక్టరు సరేననేదాకా జీడిపిక్కల బస్తా ఎత్తొద్దు, బిందె మోయొద్దు.

దాత డిశ్చార్జి కాగితాలు వేరుగా అడిగి తీసుకోండి.